గచ్చిబౌలి మైక్రోబ్రూవరీ: హెఫెవైజెన్‌కి అపోలో ఫిష్ తోడు
అక్కడే బీరు తయారుచేసి అమ్మే ఈ చోటుకి శనివారం వెళ్లేటట్టయితే సాయంత్రం ఏడులోపే వెళ్లండి. తర్వాత సీటు దొరకదు, మ్యూజిక్ మోతలో పక్కవాడి మాట వినపడదు.

ఇక్కడ కళ్లు మూసుకుని ఆర్డర్ చెప్పగలిగేది హెఫెవైజెన్, అంటే జర్మన్ తరహా గోధుమ బీరు. మసక పసుపు రంగు, పైన మందంగా నురగ, ముక్కు దగ్గర పెడితే అరటిపండు, లవంగం వాసన. అవేవీ కలపరు, అదంతా బీరుని పులియబెట్టే ఈస్ట్ పనితనమే. దీనికి తోడు అపోలో ఫిష్, అంటే కారంగా వేయించిన చేప ముక్కలు, చెప్పండి. పచ్చిమిర్చి, కరివేపాకు ఘాటుని ఈ గోధుమ బీరు చక్కగా సర్దేస్తుంది. చేదెక్కువుండే ఐపీఏ బీరుతో మాత్రం వద్దు, ఆ చేదుకి కారం ఇంకా రెచ్చిపోతుంది.

స్టౌట్ (నల్లటి బీరు) బోర్డు మీద ఉంటుంది గానీ, అడిగితే "అయిపోయింది సార్" అంటారు. వేసవిలో పెట్టిన మామిడి బీరు మరీ తీపి, జ్యూస్ అనుకుని తాగాలి. శాంపిల్ చిన్న గ్లాసులో ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి.