పారిష్ కౌన్సిల్, వార్డు హద్దులు, ఓటు నమోదు: ఇంగ్లండ్‌లో పదేళ్ళ పైచిలుకు అనుభవం

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి పారిష్ కౌన్సిల్ అంటే కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) బిల్లులో ఒక మూల కనిపించే చిన్న అంకె. అంతకు మించి పట్టించుకోరు. నిజానికి మన గ్రామ పంచాయతీకి ఇక్కడ దగ్గరి చుట్టం ఇదే. ఆటస్థలాలు, బస్ షెల్టర్లు, శ్మశానం, కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే అలాట్‌మెంట్లు, కమ్యూనిటీ హాలు లాంటివి చూసుకుంటుంది. చుట్టుపక్కల కొత్త ఇళ్ళు కడతామని ఎవరైనా దరఖాస్తు పెడితే తన అభిప్రాయం రాసి పంపుతుంది. 1894 చట్టంతో వచ్చిన ఈ కౌన్సిళ్ళు ఇప్పుడు ఇంగ్లండ్‌లో దాదాపు పదివేలున్నాయి. అన్ని చోట్లా ఉండవు. మిల్టన్ కీన్స్ మొత్తం పారిష్‌ల కిందే ఉంది, రెడింగ్ పట్టణంలో ఒక్కటీ లేదు.

నేను పదేళ్ళకు పైగా అలాంటి ఒక పారిష్‌లో ఓటరుని. ఈ మధ్యలో మా హద్దులు, వార్డులు, సభ్యుల సంఖ్య అన్నీ మారాయి. ఆ పనిలో మొదటి నుంచి చివరిదాకా ఉన్నాను కాబట్టి, ఏది బాగుందో ఏది బాగాలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఓటు నమోదు. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇస్తే ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. 2014కు ముందు ఇంటిపెద్ద ఒకరే ఇంట్లో అందరి పేర్లూ రాసి పంపేవారు. ఇప్పుడు ఎవరిది వాళ్ళే చేసుకోవాలి. భారతీయులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, స్టూడెంట్ వీసా అయినా వర్క్ వీసా అయినా, ఇక్కడ ఉండటానికి అనుమతి ఉండి 18 ఏళ్ళు నిండితే పార్లమెంటు నుంచి పారిష్ దాకా అన్ని ఎన్నికల్లోనూ ఓటుంటుంది. ఈ మాట చెబితే ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మనవాళ్ళు ఇచ్చే మొదటి సలహా "ఎలక్టోరల్ రోల్‌లో (ఓటర్ల జాబితాలో) పేరు పెట్టించుకో, క్రెడిట్ స్కోర్ బాగుంటుంది" అని. దానికోసమైనా కొందరు చేరుతున్నారు, మంచిదే.

ఓటేసే రోజు ఫోటో గుర్తింపు చూపించాలన్న నియమం ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో 2023 మే నుంచి వచ్చింది. ఇండియన్ పాస్‌పోర్ట్ చాలు. చెల్లే గుర్తింపు ఏదీ లేనివాళ్ళకు కౌన్సిల్ ఉచితంగా ఒక సర్టిఫికెట్ ఇస్తుంది.

లోపం ఎక్కడంటే, ఇల్లు మారితే ఓటు మీ వెనకాల రాదు. కౌన్సిల్ టాక్స్‌కు కొత్త చిరునామా ఇచ్చాం కదా, ఓటు కూడా మారిపోయి ఉంటుందిలే అనుకుంటారు. మారదు, మళ్ళీ నమోదు చేసుకోవాల్సిందే. ఏటా వేసవి చివర్లోనో శరదృతువులోనో ఇంట్లో ఎవరెవరున్నారని ఉత్తరమో ఈమెయిలో వస్తుంది. మామూలుగా డిసెంబర్ 1కల్లా సవరించిన జాబితా వచ్చేస్తుంది. 2020 నుంచి ప్రభుత్వ రికార్డులతో వివరాలు సరిపోలిన ఇళ్ళు జవాబివ్వక్కర్లేదు. సొంత ఇళ్ళవాళ్ళకు ఈ పద్ధతి సుఖం. అద్దె ఇళ్ళలో ఏడాదికొకరు మారే మా ఎస్టేట్ (ఇళ్ళ కాలనీ) లాంటి చోట మాత్రం పేర్లు జారిపోతూనే ఉంటాయి. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది కాబట్టి, ఎన్నికల కరపత్రం తలుపు సందులోంచి పడ్డాక మేలుకుంటే చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

ఇక హద్దుల సంగతి. మా ఎస్టేట్ పొలాల మీద కట్టింది. పాత పారిష్ హద్దు ఒకప్పటి మురుగుకాలువ వెంట పోయేది. ఆ కాలువను పైపుల్లో పెట్టి పైన ఇళ్ళు కట్టేశారు, హద్దు మాత్రం మ్యాపులో అలాగే ఉండిపోయింది. దాంతో ఒకే వీధిలో సరి నంబర్ల ఇళ్ళు ఒక పారిష్‌లో, బేసి నంబర్లవి ఇంకో పారిష్‌లో పడ్డాయి. పిల్లలు ఆడుకునే పార్కు అవతలి పారిష్‌ది, మేం కట్టే ప్రిసెప్ట్, అంటే కౌన్సిల్ టాక్స్‌లో పారిష్ వాటా, ఇవతలి దానికి. పార్కులో ఉయ్యాల గొలుసు తెగితే ఎవరికి చెప్పాలో తేలేది కాదు. ఎదురుగా నడిచిపోయే దూరంలో స్కూల్లో పోలింగ్ జరుగుతుంటే, మేం పెద్దరోడ్డు దాటి పాత ఊళ్ళో హాలుకు వెళ్ళాల్సి వచ్చేది.

ఇలాంటివి సరిచేయడానికి 2007 చట్టంలో ఒక దారి ఉంది. పారిష్‌కు పైన ఉండే బరో లేదా జిల్లా కౌన్సిల్ సమీక్ష చేపట్టి, హద్దులు, వార్డులు, సభ్యుల సంఖ్య, చివరికి పారిష్ పేరు కూడా మార్చవచ్చు. పది పదిహేనేళ్ళకు ఒకసారి చేయడం మంచిదని మార్గదర్శకాలు చెబుతాయి. వాళ్ళంతట వాళ్ళు చేయకపోతే ఓటర్లే పిటిషన్ పెట్టి చేయించవచ్చు. 500 నుంచి 2,500 మంది ఓటర్లున్న ప్రాంతమైతే 187 సంతకాలు కావాలి. అంతకు మించి ఉంటే ఓటర్లలో 7.5 శాతం. 2015కు ముందు ఇవి 250, 10 శాతంగా ఉండేవి.

మేం పిటిషన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. చలికాలం, నాలుగింటికే చీకటి. ఒక ఇంట్లో పిల్లను ఎత్తుకుని తలుపు తీసిన ఒక చెల్లెమ్మ కాగితం మొత్తం చదివి, "అన్నా, మేం వీసా మీద ఉన్నాం, సంతకం పెడితే ఎక్స్‌టెన్షన్‌కు ఏమైనా ప్రాబ్లం అవుతుందా?" అని అడిగింది. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. వీసాకూ దీనికీ సంబంధం లేదని, ఓటు చట్టం ఇచ్చిన హక్కని చెప్పాను. సంతకం పెట్టింది. కానీ ఆమె పేరు ఓటర్ల జాబితాలో లేదు. కౌన్సిల్ వాళ్ళు ప్రతి సంతకాన్నీ జాబితాతో సరిచూస్తారు. ఆమెదీ, అలాంటివి ఇంకా కొన్నీ లెక్కలోకి రాలేదు. మళ్ళీ తిరిగాం. ఈసారి ముందు ఓటు నమోదు, అది అయ్యాకే సంతకం.

అసలు విషయం నాకు అక్కడే బోధపడింది. వార్డుకు ఎంతమంది సభ్యులు, హద్దు ఎక్కడ గీయాలి అన్న లెక్కలన్నీ జనాభా మీద కాదు, నమోదైన ఓటర్ల మీదే జరుగుతాయి. ఇప్పుడున్న ఓటర్లు, రాబోయే ఐదేళ్ళలో పెరగబోయేవాళ్ళు, లెక్కల విషయంలో సమీక్ష చేసేవాళ్ళు ఈ రెండు అంకెలే చూస్తారు. వెయ్యిమంది ఉండే కాలనీలో సగంమంది నమోదు చేసుకోకపోతే, కౌన్సిల్ దృష్టిలో అది సగం కాలనీ. తెలుగువాళ్ళు, మలయాళీలు, నైజీరియావాళ్ళు ఎక్కువగా ఉండే కొత్త ఎస్టేట్లకు సభ్యులు తక్కువ రావడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

సమీక్ష తీరు మాత్రం మెచ్చుకోవాలి. పిటిషన్ అందిన ఏడాదిలోపు ముగించాలని చట్టం. మధ్యలో మమ్మల్ని రెండుసార్లు అభిప్రాయం అడిగారు. ఎవరు రాసినా తీసుకుంటారు, ఓటరే కానక్కర్లేదు. మొదటి ప్రతిపాదనలో మా వీధి అలాగే రెండు ముక్కలుగా ఉంది. వీధిలో వాళ్ళం ఎవరికి వారు, ఏ బస్సు ఎక్కుతాం, పిల్లలు ఏ స్కూలుకు పోతారు, ఉయ్యాల గొలుసు కథ, అన్నీ మామూలు మాటల్లో రాసి పంపాం. తుది నివేదికలో హద్దు పెద్దరోడ్డు మధ్యకు జరిగింది, ఎస్టేట్‌కు సొంత వార్డు వచ్చింది. హద్దు కంటికి ఆనేలా ఉండాలన్న సూత్రాన్ని వాళ్ళు నిజంగానే పాటించారు. ఒక్క ఫిర్యాదు ఏమిటంటే, ఇంటికి వచ్చిన మ్యాపు ఎంత చిన్నదంటే వీధుల పేర్లు భూతద్దంతో కూడా కనపడవు. అభిప్రాయాల గడువు కూడా అందరూ ఇండియా వెళ్ళే ఆగస్టులో పెట్టారు.

సభ్యుల సంఖ్య విషయానికొస్తే, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జనాభా శ్లాబుల్ని బట్టి 5 నుంచి 21 వార్డులుంటాయి. ఇక్కడ చట్టం కనీసం ఐదుగురుండాలని మాత్రమే చెప్పి వదిలేసింది, గరిష్ఠం లేదు. నార్తాంప్టన్ పట్టణంలో చాలా భాగానికి 2020లో ఏర్పడిన టౌన్ కౌన్సిల్‌లో (ఇదీ ఒక పారిష్ కౌన్సిలే, పేరే వేరు) ఇరవై అయిదుగురే. మా దగ్గర కొందరు సభ్యుల్ని బాగా పెంచమన్నారు. నేను వద్దని రాశాను. మనిషి దొరకని కుర్చీలు పెంచి లాభమేమిటి? చివరికి ఒక్క సీటే పెంచారు.

తర్వాత మే ఎన్నికలు వచ్చాయి. మా కొత్త వార్డులో పోటీయే లేదు, ఒక సీటుకు నామినేషన్ కూడా పడలేదు. మన దగ్గర ఏకగ్రీవమైతే ఊరికి ప్రభుత్వం నజరానా ఇస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఎవరూ ముందుకు రాలేదు, అంతే. ఆ ఖాళీని సభ్యులే మాట్లాడుకుని ఒకరిని తీసుకుని నింపారు. హద్దు కోసం అంత తిరిగాక అది చూస్తే మనసుకు కష్టంగా అనిపించింది.

పోటీ చేయడానికి డిపాజిట్ లేదు. ప్రతిపాదించేవాళ్ళొకరు, బలపరిచేవాళ్ళొకరు చాలు. కానీ ఓటుకున్న వెసులుబాటు ఇక్కడ లేదు. మామూలు వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు నిలబడలేరు, శాశ్వత నివాస అనుమతి వచ్చి ఉండాలి. అది ఉన్న మనవాళ్ళు మా ఎస్టేట్‌లోనే బోలెడుమంది. తర్వాత ఎవరైనా రాజీనామా చేసి సీటు ఖాళీ అయితే, నోటీసు వేసిన 14 పనిదినాల్లోపు పదిమంది ఓటర్లు లేఖ రాస్తే ఉపఎన్నిక పెట్టాలి. ఆ నోటీసు కమ్యూనిటీ హాలు బయట గాజు పెట్టెలో అంటిస్తారు. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఫోటో తీసి పెడుతున్నారు.