వాసన పోయింది: ఆగి చూడాలా, వాసన సాధన మొదలుపెట్టాలా?

జలుబుకో కోవిడ్‌కో వాసన పోతే చాలామందికి నాలుక మీద ఉప్పు, తీపి తెలుస్తూనే ఉంటాయి, కానీ తిండి మొత్తం చప్పగా అయిపోతుంది, ఎందుకంటే మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే.

ఖర్చు: ఆగితే సున్నా. వాసన సాధన అంటే రోజూ కొన్ని ఘాటైన వాసనలు పీలుస్తూ ముక్కుకు మళ్లీ అలవాటు చేయడం; దానికి నాలుగు చిన్న సీసాల సుగంధ నూనెలు కావాలి: గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్. ఈ సాధన మీద 2009లో జర్మనీలో పరిశోధన చేసిన థామస్ హుమ్మెల్ బృందం వాడిన వాసనలు ఇవే.

శ్రమ: ఆగడానికి ఓపిక చాలు. సాధన అంటే రోజుకు రెండుసార్లు, ఒక్కో సీసా ఓ 20 సెకన్లు, కనీసం 12 వారాలు. మూత తీసి మెల్లగా పీలుస్తూ లవంగం వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. మొదట్లో ఏమీ తెలియదు, అయినా మానొద్దు.

రిస్క్: రెండింట్లోనూ తక్కువే. కానీ గ్యాస్ లీకైనా, అన్నం మాడినా మీకు తెలియదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

రెండు వారాలే అయితే టెన్షన్ పడకుండా ఆగండి, చాలామందికి దానంతటదే వచ్చేస్తుంది. నెల దాటితే మాత్రం సాధన మొదలుపెట్టి, ఈఎన్‌టీ డాక్టర్‌ను కూడా కలవండి.