కీ గడియారం రిపేర్, మహబూబ్ చౌక్ దిక్కు: పనికి ఫుల్ మార్కులు, టైముకు మాత్రం కాదు

ఇంట్ల కీ ఇచ్చే పాత గోడ గడియారం ఉండి, అది రెండు నిమిషాలు నడిచి ఆగుతుంటే, "ఇగ దీని పని అయిపోయింది" అని అటక మీద పడేసినోళ్ల కోసం ఈ రివ్యూ. దుకాణం పేరు రాస్తలేను, ఎందుకంటే బోర్డే లేదు, పైంగ ఆన్‌లైన్‌ల పేరు పెడితే ఊరికే ఫోన్లు వస్తయని ఆ ఉస్తాద్‌కు చిరాకు. హైదరాబాద్ పాతబస్తీ మహబూబ్ చౌక్‌ల 1892ల కట్టిన గడియారం స్తంభం ఉంటది కదా, ఆ దిక్కు పాత సామాన్ల దుకాణాల మధ్యల, అర షటర్ అంత జాగ. "కీ ఘడీ బనానే వాలే ఉస్తాద్" అని అడిగితే అక్కడ ఎవరైనా చూపిస్తరు. ఐదుకు నాలుగు ఇస్తున్న. ఒకటి ఎందుకు కోసిన్నో చివరికి చెప్త.

మాది సెయికోషా, తాత కాలం నాటిది, ఎనిమిది రోజుల గడియారం (ఒక్కసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేది). జపాన్‌ల హత్తోరి ఆయన 1892ల ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మొదలు చేసినవే గోడ గడియారాలు, చేతి వాచీలు ఆ తర్వాత. లోపలి మిషన్ అమెరికా గడియారాల పద్ధతిలనే ఉంటది: కుడి దిక్కు కీ కన్నం టైముకు, ఎడమది గంటలు కొట్టేదానికి. ఇంతకు ముందు సిటీల వేరే చోట చూపిస్తే ఒకాయన మూత తీసి, చక్రాలన్నిటి మీద నూనె గుమ్మరించి పంపిండు, వారం నడిచి మళ్ల ఆగింది. ఇంకొకాయనైతే "దీంట్ల క్వార్ట్జ్ మిషన్ ఎక్కిస్త సార్, సెల్ వేసుకుంటే ఖతం" అన్నడు. అది మాత్రం చేయించకండ్రి. బయటికి గడియారం లెక్కనే కనిపిస్తది గానీ లోపల ఉన్నది ప్లాస్టిక్ డబ్బా.

ఈ ఉస్తాద్ దగ్గర నాకు నచ్చిన మొదటి సంగతి, ఆయన మిషన్ పెట్టెలకెళ్లి బయటికి తీసిన వెంటనే దేనికీ చెయ్యి పెట్టలే. ముందుగల స్ప్రింగులు దించిండు. ప్రత్యేకం ఒక పిడి ఉన్నది, దాన్ని కీ కడ్డీకి తొడిగి, గట్టిగ పట్టుకొని, క్లిక్ (స్ప్రింగ్ వెనుకకు తిరగకుంట పట్టుకునే చిన్న కొక్కెం) పక్కకు ఎత్తి, పిడిని అరచేతిలనే మెల్లగ జారనిచ్చుకుంట రెండు స్ప్రింగుల జోరు మొత్తం తీసేసిండు. ఇది ఎందుకు చెప్తున్ననంటే, యూట్యూబ్ చూసి ఇంట్ల ప్రయత్నం చేసేటోళ్లు చాలామంది ఉన్నరు, స్ప్రింగ్ నిండుగ ఉండంగ యాంకర్ తీసిండ్రంటే చక్రాలన్నీ ఒక్కసారి గిర్రున ఉరుకుతయి, పళ్లు వంగుతయి, చెయ్యి అడ్డం పెడితే చెయ్యి కూడ పోతది.

యాంకర్ అంటే తెల్వనోళ్లకు రెండు మాటలు. స్ప్రింగ్ జోరు చక్రాలకెళ్లి వచ్చి చివరి చక్రం దగ్గర ఆగుతది, దాన్ని ఎస్కేప్ వీల్ అంటరు, రంపం లెక్క పళ్లుంటయి. దాని మీద రెండు కొనలున్న ఉక్కు పట్టీ కూసుంటది, అదే యాంకర్. పెండ్యులం అటు పోతే ఒక కొన పన్ను విడుస్తది, ఇంకో కొన ఇంకో పన్నును పట్టుకుంటది. ఇటు వస్తే అటుది. విడిచే ముందు పన్ను ఆ కొనను కొంచెం తోసి పోతది, ఆ తోపుతోనే పెండ్యులం ఆగకుంట ఊగుతది. మనకు వినపడే టిక్కు పన్ను పోయి కొన మీద పడ్డ చప్పుడు. మొత్తం ఎస్కేప్‌మెంట్ అంటే ఇంతే, కానీ సగం మిల్లీమీటరు తేడా వస్తే గడియారం నడవదు, అందుకే దీని దగ్గరనే అందరు రిపేర్లోళ్లు చేతులెత్తేస్తరు.

ఇగ ఉస్తాద్ పని. నేను యాంకర్ అడ్జస్ట్ చేస్తడేమో అనుకుంట స్టూల్ మీద కూసుంటే, ఆయన వేలుతో పెద్ద చక్రాన్ని ముందుకు వెనుకకు ఆడించి, ఇరుసుల చివర్లు ఇత్తడి ప్లేట్ కన్నాలల్ల ఎట్ల కదులుతున్నయో చూపించిండు. రెండు కన్నాలు గుండ్రం పోయి గుడ్డు ఆకారం పట్టినయి. "సాబ్, ఇవి బాగు చెయ్యకుంట యాంకర్ ముట్టుకుంటే ఫాయిదా లేదు, ఇయ్యాల సరిచేస్తే రేపు చక్రం ఇంకో దిక్కు ఒరుగుతది" అన్నడు. నిజమే కదా, యాంకరుకూ చక్రానికీ మధ్య దూరం వెంట్రుక మందంల పెడతరు, ఆ ఇరుసే కన్నంల ఆడుతుంటే దూరం ఎక్కడ నిలబడుతది. ఆ కన్నాలు పెద్దగ చేసి ఇత్తడి బుష్‌లు (కన్నంల దిగ్గొట్టే చిన్న గొట్టాలు) కొట్టిండు. ఇదే ముందటాయన చెయ్యని పని. చేసుంటే నూనె గుమ్మరించే అవసరమే రాకపోవు.

యాంకర్ బయటికి తీసి కంటికి భూతద్దం పెట్టి చూసి నాకిచ్చిండు. కొనల మీద, పన్ను తగిలే చోట, సన్నటి గాడి. గోరు పెట్టి గీకితే దొరుకుతున్నది. విచిత్రం ఏందంటే పళ్లు ఇత్తడివి, కొన ఉక్కుది, అయినా అరిగింది ఉక్కు. మెత్తటి ఇత్తడిల దుమ్ము రేణువులు ఇరుక్కొని కూసుంటయి, ఇగ అవి సానరాయి లెక్క ఉక్కును రోజూ రుద్దుతనే ఉంటయి. నూనె ఎక్కువ పోస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటది కాబట్టి ఇంకా తొందరగ. దీనికి రెండు మార్గాలు ఉన్నయి: కొనను రాయి మీద నున్నగ చేసుడు, లేకపోతే యాంకర్‌ను దాని ఇరుసు మీద కొంచెం పక్కకు జరిపి పళ్లు అరగని చోట పడేటట్టు చేసుడు. రెండోది తేలిక, మెటల్ పోదు. మా దానికి పక్కకు జరిపే జాగ ఉన్నది, జరిపిండు, తర్వాత సన్నటి రాయితో గాడి అంచులు మాత్రం తీసిండు.

బిగించుడు దగ్గర ఆయన చెయ్యి చూడాల్సిందే. యాంకర్‌ను ముందు ప్లేట్ మీదున్న చిన్న పిన్నుకు తగిలించి, వాషర్ పెట్టి, టైము స్ప్రింగుకు రెండు చుట్లు మాత్రమే కీ ఇచ్చిండు. నిండుగ ఇస్తే తప్పు దొరకదంట, జోరు ఎక్కువుంటే చెడ్డ అడ్జస్ట్‌మెంట్ కూడ కొన్ని రోజులు నడుస్తది, స్ప్రింగ్ సగానికొచ్చినంక ఆగుతది. తర్వాత యాంకర్ నుంచి కిందికి వేలాడే తీగను (క్రచ్ అంటరు) రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగ అటు ఇటు ఊపుకుంట ఒక్కో పన్ను విడుస్తున్నదా, ఎంత దూరం పోయి పడుతున్నది అని చూస్తడు. ఒక్క పన్ను చూసి వదిలిపెట్టడు, చక్రం పూర్తి చుట్టు తిరిగేదాక ఓపిగ్గ. ఎందుకంటే ఒక్క పన్ను వంగి ఉన్నా గడియారం ఆ ఒక్క పన్ను దగ్గరనే తట్టుకుంటది, అంతకు ముందంతా బాగనే నడుస్తది, మనకు పిచ్చి లేస్తది.

లోతు పెట్టే పద్ధతి ఇట్ల: పిన్ను ఉన్న ఇత్తడి ముక్కను చిన్న సుత్తితో, మీద ఒక ఇత్తడి కడ్డీ పెట్టి, టుక్కుమని కొట్టుకుంట యాంకర్‌ను చక్రం దగ్గరికి తెస్తడు. తెస్తనే ఉంటడు, పన్ను ఇగ విడువకుంట ఇరుక్కునేదాక. ఇరుక్కున్నదంటే అది హద్దు. అక్కడి నుంచి వెనుకకు ఒక వెంట్రుకంత, పళ్లన్నీ నిమ్మళంగ విడిచేటంత. లోతు ఎక్కువైతే పెండ్యులం పెద్దగ ఊగితేనే పన్ను విడుస్తది, వారం చివరికి స్ప్రింగ్ జోరు తగ్గినంక అంత ఊగలేదు, ఆగుతది. తక్కువైతే పన్ను కొన మీద నిలబడక జారిపోతది, ముల్లు దానంతటదే ఉరుకుతది. మా గడియారానిది మొదటిది, లోతు ఎక్కువ. రెండు నిమిషాలకే ఆగుడుకు ఇదొకటి, అరిగిన కన్నాలు ఇంకొకటి, రెండూ కలిసి చంపినయి.

లోతు కుదిరినంక డ్రాప్ చూసిండు. ఒక పన్ను విడిచి ఇంకోటి పడేదాక చక్రం ఖాళీగ ఎంత తిరుగుతదో అది డ్రాప్. అది రెండు కొనల దగ్గర సమానంగ ఉండాలె. దగ్గరికి జరిపితే డ్రాప్ తగ్గుతది గానీ రెండు దిక్కులా ఒక్క తీరుగ తగ్గదు, అందుకని కొందరు యాంకర్ కొనల మధ్య ఎడం మార్చుతందుకు దాన్ని వంచుతరు. ఉస్తాద్ అది చెయ్యలే. అది కాల్చి గట్టి చేసిన ఉక్కు, వేడి చెయ్యకుంట వంచితే పుటుక్కున విరుగుతది, ఆ పార్ట్ మళ్ల దొరకాలంటే జుమేరాత్ బజార్‌ల ఇంకో పాత గడియారం కొని చీల్చాలె. మా దానికి రెండు డ్రాపులూ కొంచెం తేడాల ఉన్నయి, "చలేగా, ఫ్యాక్టరీల నుంచే ఇట్ల వచ్చింది" అని వదిలేసిండు. నాకైతే ఈ వదిలేసుడే ఎక్కువ నచ్చింది. పనితనం చూపిస్తందుకు గెలుక్కుంట కూసోలే.

మాటలల్ల మాటగ, ఆయన కౌంటర్ మీద ఒక పాత రెగ్యులేటర్ (పక్కా టైము కోసం చేసిన పెండ్యులం గడియారం) ఉంటది, పోతే తప్పక చూడండ్రి. హైగెన్స్ 1656ల పెండ్యులం గడియారం చేసిన కొన్నేళ్లకే యాంకర్ వచ్చింది, కానీ అందుల ఒక అవలక్షణం ఉన్నది, పన్ను పడ్డంక పెండ్యులం ఇంకా ముందుకు పోతుంటే చక్రం వెనుకకు కొంచెం తోయబడుతది. మా దాంట్ల కళ్లతో చూడొచ్చు, ఎస్కేప్ వీల్ ప్రతి టిక్కుకు ఒక్క వెనుకడుగు. లండన్‌ల జార్జ్ గ్రాహం 1715 ప్రాంతంల కొనల ఆకారం మార్చి ఆ వెనుకడుగు తీసేసిండు, దాన్ని డెడ్‌బీట్ అంటరు. కౌంటర్ మీదిది అదే రకం, సెకన్ల ముల్లు టక్కుమని పడి రాయి లెక్క నిలబడుతది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించిండు, సాలార్‌జంగ్ మ్యూజియంల కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు గడ్డపాయన బొమ్మ ఎప్పుడొచ్చి గంట కొడ్తడా అని కూసునేటోళ్లు ఒక్కసారి ఇక్కడికి కూడ వస్తే బాగుండు అనిపించింది.

నూనె సంగతి. ఇరుసు కన్నాలల్ల సూది మొనంత, యాంకర్ కొనల మీద పూత లెక్క, క్రచ్ పెండ్యులం కడ్డీని తగిలే చోట ఒక చుక్క కంటే తక్కువ. నడుమ చక్రాల పళ్లకు అసలు లేదు. దీనికే ముందుగల బ్రష్‌తో పాత జిడ్డు మొత్తం కడిగి తీసిండు.

ఇంటికి తెచ్చినంక మీరు చేసుకోవాల్సింది ఒకటి ఉన్నది, దుకాణంల కుదిరిన బీట్ మీ గోడ మీద కుదరదు. టిక్, టాక్ మధ్య ఎడం సమానంగ వినపడాలె, టిక్‌టాక్... టిక్‌టాక్ అని కుంటితే బీట్ తప్పినట్టు. గడియారం అడుగును ఎడమకో కుడికో జరిపి చూడండ్రి, ఎక్కడో ఒక చోట సమానం అయితది. అట్ల వంకర వేలాడదీసుడు ఇష్టం లేకుంటే గడియారాన్ని నిటారుగ పెట్టి, ఏ పక్క పైకి ఎత్తితే బీట్ కుదిరిందో ఆ పక్కకే క్రచ్ తీగను కొంచెం వంచాలె. ఇది ఉస్తాద్ కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చిండు, మా ఇంటిదాక రావాల్సిన పని పడలే. ఆ తర్వాత టైము: పెండ్యులం కింద నట్టు పైకి ఎక్కిస్తే ఫాస్ట్, దించితే స్లో. మా పెండ్యులం లాంటి పొట్టిదానికి, అంటే పాతిక సెంటీమీటర్ల లెక్కలదానికి, నిమిషానికి దాదాపు 120 టిక్కులు పడుతయి, పొడుగు ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రోజుకు దగ్గర దగ్గర మూడు నిమిషాలు తేడా. కాబట్టి నట్టును సగం చుట్టు తిప్పి ఒక రోజు చూసి మళ్ల తిప్పండ్రి, గంటకోసారి గెలికితే ఏదీ తెల్వదు. ఎండాకాలం ఉక్కు కడ్డీ సాగుతది, ఒక్కో డిగ్రీకి రోజుకు అర సెకను, మే నెలల స్లో అయితే ఆయనను తిట్టకండ్రి.

ఇగ కోసిన ఆ ఒక్క మార్కు. టైము అస్సలు చెప్పడు. "దో హఫ్తే" అన్నడంటే నెల అనుకోవాలె, ఫోన్ ఎత్తడు, ఎత్తినా "ట్రయల్ మీద ఉంది సాబ్" అంటడు. ట్రయల్ మాత్రం నిజమే, స్టాండ్ మీద ఎనిమిది రోజులు పూర్తిగ ఒక్క కీ మీద నడిస్తేనే ఇస్తడు, స్ప్రింగ్ చివరి జోరుల ఆగకుంట ఉండుడే అసలు పరీక్ష కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. కానీ ముందే ఒక తారీకు చెప్తే మనం ఆ దిక్కు ఊరికే తిరుగుడు తప్పుతది కదా. బిల్లు లేదు, రసీదు అంటే పాత క్యాలెండర్ ముక్క వెనుక ఉర్దూల రాసిచ్చిన నాలుగు గీతలు. బుష్‌లు, కడుగుడు, యాంకర్ పని, గంటలు కొట్టే దిక్కు సర్వీస్ అన్నీ కలిపి 2,800 తీసుకున్నడు. ముందు అడిగినంతే తీసుకున్నడు, మధ్యల ఇది పోయింది అది పోయింది అని పెంచలే. క్వార్ట్జ్ ఎక్కిస్తే ఇంతకంటే చాలా తక్కువలనే అయిపోతది, ఆ లెక్క చూసుకునేటోళ్లు పోకుడే మంచిది, అంత దూరం పోయి బేరం చేస్తే ఆయన గడియారం తిరిగి చేతిల పెడతడు.

చేతి వాచీలు ముట్టడు, సెల్ గడియారాలు అసలే వద్దు. కారుల పోకండ్రి, అక్కడ పెట్టే జాగ లేదు, మెట్రో చార్మినార్‌ల దిగలేరు ఇంకా, ఆటోల పోయి గడియారాన్ని ఒళ్ల పెట్టుకుని రావాలె. పోయేటప్పుడు పెండ్యులాన్ని కొక్కెం నుంచి విప్పి విడిగ బట్టల చుట్టండ్రి, అట్లనే వేలాడదీసి తీసుకపోతే దాన్ని పట్టుకునే పలచటి సస్పెన్షన్ స్ప్రింగ్ దారిల మడత పడుతది, మడత పడ్డ స్ప్రింగుతో ఎంత మంచి యాంకర్ పెట్టినా పెండ్యులం వంకరగనే ఊగుతది. కీ కూడ తీసుకపోండ్రి, శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటది.