సావిత్రి బొమ్మ చూసి కొనకండి: తిరుపతిలో నాకు జరిగిన క్షవరం

ఆ దుకాణం పేరు రాయను. రాయనక్కరలేదు కూడా. గోడ నిండా పాత తారల బొమ్మలు, గుమ్మం దగ్గర ఘంటసాల పాట, లోపల "రండక్కా, కూర్చోండక్కా" అంటూ మర్యాద కురిపించే ఆ పెద్దమనిషి. తిరుపతిలో నా వయసు ఆడవాళ్ళకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అక్కడ ముఖానికి రాసే క్రీము గాని, తలకు పెట్టే పొడి గాని కొనకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ డబ్బా పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. మిగతాదంతా నా కడుపుమంట, ఓపిక ఉంటేనే చదవండి.

నాకు యాభై దాటాయి. బుగ్గల మీద మంగు, వెడల్పవుతున్న పాపిడి, ఎంత నూనె రాసినా తెల్లగా పొట్టు లేచే చర్మం. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుందనీ, చర్మం పొడిబారడం, జుట్టు పల్చబడటం చాలామందికి ఉండేదేననీ ఇప్పుడు డాక్టరమ్మ చెబితే తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది మా తోడికోడలి ముఖం ఉన్నట్టుండి మెరిసిపోవడం ఒక్కటే. ఎక్కడ కొన్నావని అడిగాను, చెప్పింది, వెళ్ళాను.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా మాయాబజార్ శశిరేఖ. నిలువెత్తు బొమ్మ, రంగుల్లో. గులాబీ బుగ్గలు, పసిమి ఛాయ. "ఆ నిగారింపు చూశారా అక్కా? ఆ రోజుల్లో ఈ రసాయనాలు ఎక్కడివి? మద్రాసు స్టూడియోల్లో మేకప్ గదుల్లో వాడిన మూలికల యోగం ఇది. మా తాతగారి నుంచి వచ్చింది" అన్నాడు.

ఇక్కడ నన్ను నేను రెండు మాటలు అనుకోనివ్వండి. ఆ సినిమా మాటలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే మనిషిని నేను. అది 1957 నాటి నలుపు తెలుపు సినిమా. రంగులద్దిన ప్రతి 2010లో వచ్చింది. అంటే ఆ గులాబీ బుగ్గలు మూలికలు ఇచ్చినవీ కావు, మేకప్ ఇచ్చినవీ కావు, కంప్యూటరు ఇచ్చినవి! అసలు తెర మీద ఆ ముఖాల కాంతి మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనం, దీపాల పుణ్యం. పడవ మీద ఆ వెన్నెలను పుట్టించిన మనిషికి బుగ్గ మీద మచ్చ ఒక లెక్కా? ఇవన్నీ ఇంటికొచ్చిన వాళ్ళకు నేనే పాఠం చెబుతాను. ఆ పూట మాత్రం ఆ బొమ్మ కింద నిలబడి బుద్ధిగా తలూపాను. క్రీము, పొడి కలిపి మూడు వేల ఎనిమిది వందలు. ఫోనులో అక్కడికక్కడే పంపాను. శాస్తి జరిగింది.

క్రీము మొదట్లో అద్భుతంగా పనిచేసింది. ఈ మాట ముఖ్యం, ఎందుకంటే అందరూ పడేది ఇక్కడే. మంగు పలచబడింది, చర్మం నునుపు తేలింది, ఇంట్లో వాళ్ళు కూడా ఏమిటి సంగతి అన్నారు. కొన్నాళ్ళకు బుగ్గల మీద సన్నని ఎర్రటి గీతలు. పొయ్యి దగ్గర నిలబడినా, ఎండలోకి వెళ్ళినా మంట. చెంపల మీద నూగు. ఒక పూట రాయకపోతే దురద, ఎరుపు, మళ్ళీ రాస్తే హాయి. దాంతో ఇంకాస్త ఎక్కువ రాశాను. ఎంత తెలివి!

ఇక పొడి. "నూటికి నూరు పాళ్ళు గోరింటాకు" అన్నాడు. గోరింటాకు జుట్టును ఎర్రగా పండిస్తుంది గాని నల్లగా చేయదు. నలుపు కావాలంటే ఇళ్ళలో దాని తర్వాత నీలి ఆకు పొడి పెడతారు, అదీ గంటల తరబడి. ఇది అరగంటలో కాకి నలుపు. కలిపిన వేలి గోరు కూడా నల్లగా మారింది. పండిన గోరింటాకు గోటి మీద ఏ రంగులో ఉంటుందో తెలియని ఆడది ఆంధ్ర దేశంలో ఉందా? గోరు చూసుకుంటూనే తలకు పట్టించాను. ఆ రాత్రి నుదుటి అంచు వెంట దురద, చెవుల వెనక నీరు కారడం. తెల్లవారేసరికి రెప్పలు ఉబ్బి కళ్ళు తెరుచుకోలేదు.

డాక్టరమ్మ చూడగానే తలకు వేసిన రంగు నా ఒంటికి పడలేదు అంది. నల్లగా పట్టే ఇలాంటి పొడుల్లో పారాఫినిలీన్ డయమీన్ అనే రసాయనం కలుపుతారట, పొట్టిగా పీపీడీ. కొందరికి దానితో ఇలాగే వాపు వస్తుంది. తర్వాత దీపం దగ్గరగా పెట్టి నా బుగ్గలు చూసి, "ముఖానికి ఏం రాస్తున్నారు?" అని అడిగింది. డబ్బా ఇచ్చాను. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మూత మీద శశిరేఖ బొమ్మ. తయారీదారు చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. మూత తీస్తే గంధం వాసన, కాస్త ఆగితే దాని అడుగున మందుల షాపు వాసన. స్టిరాయిడ్ కలిసి ఉంటుందని ఆమె అనుమానం. అలాంటివి ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. స్టిరాయిడ్ ఉన్న చాలా చర్మపు క్రీములను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. మన పెద్దమనిషి వాటిని తాతగారి పేరు మీద అమ్ముతున్నాడన్నమాట.

కళ్ళ వాపు పూర్తిగా దిగకముందే దుకాణానికి వెళ్ళాను. నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పాట మోగుతూనే ఉంది, దాన్ని తగ్గించలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, ఇందులో ఏం కలిపారో చెప్పండి, బిల్లు ఇవ్వండి అన్నాను. "మూలికలకు బిల్లులేమిటి పెద్దమ్మా" అన్నాడు. అమ్మేటప్పుడు అక్కను, అడగడానికి వెళ్తే పెద్దమ్మను! పోనీలే అనుకుని మళ్ళీ అడిగాను. అప్పుడు తల కూడా ఎత్తకుండా, కూర్చున్న వాళ్ళకు వినిపించేలా అన్నాడు: "పూసుకోగానే సావిత్రి అయిపోతారని నేను చెప్పానా? సూర్యకాంతం వయసులో సూర్యకాంతం లాగే ఉంటారు."

వాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. తూకం వేసే పిల్ల నవ్వలేదు, మూతలు సర్దుతూ తల దించుకుంది.

డబ్బు పోయినందుకు ఇంత మంట లేదు. ముఖం ఎలాగో బాగుపడుతుంది. ఆ మాటే గొంతులో అడ్డం పడింది. అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు వస్తోంది. అయ్యా, గుండమ్మ వేషం కట్టినప్పుడు సూర్యకాంతం గారికి నలభై కూడా నిండలేదు. ఆవిడ పుట్టింది 1924లో, గుండమ్మ కథ వచ్చింది 1962లో. లెక్క చూసుకో. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకు ఆవిడ పాత్ర పేరే పెట్టారు. నువ్వు తిట్టు అనుకుని విసిరింది కిరీటం. అదే గుండమ్మ నీ కొట్టుకు వచ్చి ఉంటే ఆ బల్ల, ఆ డబ్బాలు, నువ్వు రోడ్డు మీద ఉండేవాళ్ళు.

తిరుపతి క్షవరం అంటే సగం గీసి కూర్చోబెట్టడం అంటారు. నాకు ఏ లోటూ చేయలేదు, పూర్తిగానే గీశారు. కొండ మీద కల్యాణకట్టలో అయితే పైసా తీసుకోరు, పైగా పుణ్యం.

ఇప్పుడు డాక్టరమ్మ రాసిన మందులు, సువాసన లేని మామూలు లేపనం, ఎండకు సన్‌స్క్రీన్. మంగుకు ఎండే మొదటి శత్రువట. జుట్టు రాలడానికి ముందు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించమంది.

అన్నట్టు, కొనేవాళ్ళకు రెండు మాటలు. లేబుల్ మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, గడువు తేదీ లేని డబ్బా ముట్టుకోకండి. ఏ రంగైనా ముందు మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు ఆగండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు, నేను చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు రుసుము కూడా లేదు. కోపంలో డబ్బా పారేయకండి, పరీక్షకు పంపాలంటే అదే ఆధారం. బిల్లు ఇవ్వకపోయినా ఫోనులో డబ్బు పంపిన వివరం ఉంటుంది, దాన్ని భద్రపరచండి. అదే దుకాణంలో కొన్నవాళ్ళు ఉంటే నాకు రాయండి, ఫిర్యాదు కలిసే ఇద్దాం. మా తోడికోడలు మాత్రం రానంటోంది, ఆమె డబ్బాలో ఇంకా సగం మిగిలి ఉందట.