అన్‌నోన్ ప్లెజర్స్, క్లోజర్: జాయ్ డివిజన్ రెండు ఆల్బమ్‌లలో ఏది మేలు?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు రెండే. 1979 జూన్‌లో అన్‌నోన్ ప్లెజర్స్, 1980 జూలైలో క్లోజర్. ఏది మేలు అని అడిగితే నేను క్లోజర్ అనే చెప్తాను, అయితే చాలామంది చెప్పే కారణంతో కాదు.

మొదటిది మాంచెస్టర్ పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెరీ స్టూడియోలో తయారైంది. స్టేజి మీద ఈ నలుగురూ పంక్ బ్యాండ్‌లాగే గట్టిగా, దూకుడుగా వాయించేవాళ్లు. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ ఆ దూకుడుకు పగ్గాలు వేశాడు. ఒకదాని చప్పుడు ఇంకోదాని మైకులో పడకూడదని స్టీఫెన్ మోరిస్ చేత డ్రమ్ములు విడివిడిగా వాయించి రికార్డు చేశాడు. ఒక పాటకి గాయకుడు ఇయన్ కర్టిస్ గొంతును టెలిఫోన్ లైన్ గుండా పంపాడు. చివరి పాటలో గాజు పగిలిన చప్పుడు కలిపాడు. బేస్ వాయించే పీటర్ హుక్‌కీ, గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్‌కీ ఇది అస్సలు నచ్చలేదు. తమ జోరంతా పోయిందని బాధపడ్డారు. కానీ ఇవాళ ఆ ఆల్బమ్ వినగానే గుర్తుపట్టేది ఆ ఖాళీని బట్టే. వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య ఒక చల్లటి పెద్ద గది ఉన్నట్టుంటుంది.

విమర్శకుల్లో మెలొడీ మేకర్ అనే సంగీత పత్రికలో రాసిన జాన్ సావేజ్ లాంటి వాళ్లు దాన్ని వెంటనే మెచ్చుకున్నారు. అమ్మకాలు మాత్రం అంతంతే. వాళ్ల రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్ మొదట ఒత్తించింది 10,000 కాపీలు, ఆ ఏడాది బ్రిటిష్ ఆల్బమ్ చార్టులోకే ఎక్కలేదు. నల్లటి అట్ట మీద కొండల్లా లేచే ఆ తెల్ల గీతలు సీపీ 1919 అనే పల్సార్ (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్రం) రేడియో తరంగాలవి. ఆ టీషర్టు హైదరాబాద్‌లో కూడా చాలాసార్లు చూశాను. వేసుకున్నవాళ్లలో ఎవరైనా ఒక్కసారి ఆ పాటలు వింటే బాగుండు అనిపిస్తుంది.

క్లోజర్‌ని 1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో చేశారు. ప్రొడ్యూసర్ మళ్లీ హానెటే. మే 18న, బ్యాండ్ అమెరికా టూర్‌కి బయలుదేరాల్సిన ముందురోజు, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23. జూలై 18న ఆల్బమ్ విడుదలై బ్రిటిష్ చార్టులో ఆరో స్థానానికి వెళ్లింది. దాని వెనకే పాత ఆల్బమ్ కూడా చార్టులోకి వచ్చి 71 దాకా చేరింది.

అప్పటినుంచి క్లోజర్‌ని ఒక మరణ వాంగ్మూలంలా వినడం అలవాటైపోయింది. అట్ట మీద సమాధి బొమ్మ ఉండటం దానికి తోడైంది. అది ఇటలీలోని జెనోవాలో, స్టాలియెనో శ్మశానంలో తీసిన ఫోటో. చావుని అమ్ముకుంటున్నారని అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి: ఆ బొమ్మను కర్టిస్ బతికుండగానే ఎంచుకున్నారు. మాటల్లో బాధ లేదని కాదు, చాలా ఉంది. ఆ మాటల్ని అప్పుడు పట్టించుకోలేదని బ్యాండ్‌లో మిగిలినవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. అయినా జాలితో విలువ కట్టడం నలుగురు కుర్రాళ్ల పనితనాన్ని తక్కువ చేయడమే.

ఆ పనితనం ఎక్కడుందో తెలియాలంటే ట్వెంటీ ఫోర్ అవర్స్ వినండి. హుక్ బేస్ మెల్లగా, పై స్వరాల్లో మొదలవుతుంది. ఉన్నట్టుండి డ్రమ్ములు పరుగందుకుంటాయి, గిటార్ మీద పడుతుంది, మళ్లీ అంతా నెమ్మదిస్తుంది. కొంతసేపు కర్టిస్ గొంతు, దాని పక్కన బేస్, అంతే. మళ్లీ పరుగు. మొదటి ఆల్బమ్‌లో ఖాళీ హానెట్ కల్పించింది. ఇక్కడ ఎప్పుడు ఆగాలో బ్యాండ్‌కే తెలిసిపోయింది. ఆ తర్వాత ది ఎటర్నల్‌లో పియానో ఒక్కో స్వరం వదిలిపెడుతూ ఎంత నిదానంగా నడుస్తుందో! వాయించేవాళ్లకి ఎక్కడా తొందర లేదు.

గిటార్ ఇష్టపడేవాళ్లు మొదటిదే మేలంటే కాదనలేను. డిజార్డర్‌లో ఉన్న పరుగు, న్యూ డాన్ ఫేడ్స్ చివర్లో గిటార్ ఎక్కే ఎత్తు క్లోజర్‌లో దొరకవు. కొత్తగా వినేవాళ్లకి నేను కూడా మొదట అన్‌నోన్ ప్లెజర్సే ఇస్తాను, ఎందుకంటే తలుపు సులువుగా తెరుచుకునేది అక్కడే. కానీ అందులో క్యాండిడేట్, వైల్డర్‌నెస్ లాంటివి వాటి పక్కన కాస్త పల్చనే. క్లోజర్ రెండో వైపున్న నాలుగు పాటల్లో తీసేయదగ్గది ఒక్కటీ లేదు.

ఇంకొక మాట. క్లోజర్ మొదటి వైపున్న ఐసోలేషన్‌లో సింథసైజర్ ముందుకొచ్చి, డ్రమ్ములు మెషీన్‌లా టకటకలాడతాయి. కర్టిస్ పోయాక మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అయ్యి ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలోకి వెళ్లారు. ఆయన పోయాక వెతుక్కున్న దారి కాదది. మార్చిలోనే, ఆయన పాడుతుండగానే, దాని మీద మొదటి అడుగు వేసేశారు.