కాపీ నింద పడినప్పుడు గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ ఎంతవరకు ఆదుకుంటుంది?

క్లాస్‌మేట్ అడిగాడని అసైన్‌మెంట్ పంపితే, అతను పేరు మార్చి సబ్మిట్ చేస్తాడు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ రెండింటికీ పోలిక ఉందని చూపిస్తుంది కానీ ఎవరు ముందు రాశారో తేల్చదు. ఆ లోటును ఉచితంగా దొరికే వెర్షన్ హిస్టరీ చాలావరకు తీరుస్తుంది.

కంప్యూటర్‌లో ఫైల్ మెనూ, వెర్షన్ హిస్టరీ, సీ వెర్షన్ హిస్టరీ. కుడిపక్కన తేదీ, సమయం, మార్చినవారి పేరుతో పాత ప్రతులు వరసగా వస్తాయి. ఎక్కడ కొట్టేశారో, ఏ పేరా తిరగరాశారో రంగుల్లో కనబడుతుంది. విచారణలో స్క్రీన్‌షాట్ల కన్నా అసలు ఫైలుకే ప్రొఫెసర్‌కు ఎడిటర్ యాక్సెస్ ఇవ్వడం మేలు. చూసే అనుమతి మాత్రమే ఉన్న వ్యూయర్‌కి హిస్టరీ తెరుచుకోదు.

దెబ్బతినేది ఎక్కడంటే, వేరేచోట రాసి చివర్లో ఒకేసారి పేస్ట్ చేసినప్పుడు. అప్పుడు 2,000 పదాలూ ఒక్క నిమిషంలో ఊడిపడ్డట్టు ఉంటాయి, అది మన మీదికే వస్తుంది. మేక్ ఎ కాపీతో తీసిన ఫైలుకి పాత హిస్టరీ రాదు. చిన్న మార్పులు కాలక్రమంలో కలిసిపోవచ్చు కాబట్టి ముఖ్యమైన దశలకు నేమ్ కరెంట్ వెర్షన్‌తో పేరు పెట్టాలి.

షేర్ సెట్టింగుల్లో వ్యూయర్లకు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ ఆపేయవచ్చు. అయినా చూసి టైప్ చేసుకునేవాళ్లను ఆపలేం.

అసలు పరిమితి వేరు. రాసింది మనమేనని ఇది చూపుతుంది, దాన్ని వేరొకరికి ఇవ్వలేదని కాదు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఇచ్చినవాళ్లనూ తప్పుపడతాయి. అందుకే ఎప్పుడు, ఎందుకు పంపారో చూపే వాట్సాప్ మెసేజ్‌లు చెరపకుండా, నిజం ముందే ఒప్పుకుని ఈ హిస్టరీతో పాటే ఇవ్వాలి.