డ్రిల్ బ్యాటరీతో నడిచే చిన్న పంపు: రెండేళ్లు వాడాక

2023 జులై వానలకు హనుమకొండలో మా వీధి మునిగింది. వరద నీళ్లు సంపులోకి దిగాయి, కరెంటు లేదు. బకెట్లతో తోడి తోడి నడుం పట్టేసింది. ఇంట్లోనేమో డ్రిల్ మిషన్ బ్యాటరీలు రెండు నిండా చార్జింగ్‌తో ఊరికే పడి ఉన్నాయి. ఆ కసితో కట్టుకున్నదే ఈ పంపు.

సరుకు పెద్దగా ఏం లేదు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల డయాఫ్రం పంపు, బ్యాటరీ కూర్చునే అడాప్టర్, వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్, ఫ్యూజు, స్విచ్. అన్నీ ఒక టిఫిన్ డబ్బాలో పట్టాయి. బ్యాటరీ మీద 21 వోల్టులని ఉంటుంది గానీ, లోపల 5 సెల్లులే. నిండా ఎక్కినప్పుడు ఒక్కోటి 4.2, నడిచేటప్పుడు 3.6 చొప్పున 18. మొదట్లో కన్వర్టర్ ఎందుకులే అని నేరుగా కలిపా. పది నిమిషాలకే మోటరు మీద చెయ్యి పెట్టలేకపోయా.

20 లీటర్ల క్యాన్ నాలుగున్నర నిమిషాల్లో నిండుతుంది. 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ గంటా పది నిమిషాలు లాగుతుంది, అంటే పదిహేను క్యాన్లు. సంపు అడుగున పెద్ద మోటరుకు అందని జానెడు నీళ్లకు, పరకాల దగ్గర మా బాపు పోసే మిర్చి నారుమడికి ఇది చాలు. మేడ మీది ట్యాంకు నింపాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు.

ఒక బ్యాటరీని చేజేతులా చంపుకున్నా. చార్జింగ్ తగ్గితే డ్రిల్ దానంతటదే ఆగుతుంది కదా, ఆ తెలివి బ్యాటరీది అనుకున్నా. నా దాంట్లో అది డ్రిల్‌లో ఉంది. పంపు ఆన్ చేసి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయా. మీటరు పెడితే 9 వోల్టులు! చార్జర్ ఇక దాన్ని ఒప్పుకోలేదు. తర్వాత 15 వోల్టులకు ఆపేసే కటాఫ్ బోర్డు పెట్టా. సెల్లుకు 3 చొప్పున లెక్క. ముందే పెట్టుంటే టెన్షన్ ఉండేది కాదు. మే నెల ఎండల్లో వాడిన బ్యాటరీని వెంటనే చార్జింగ్ పెట్టను, చల్లారనిస్తా.

ఓసారి టకటకమని చప్పుడే గానీ చుక్క నీరు రాలేదు. నాలుగు స్క్రూలు విప్పితే రబ్బరు వాల్వు కింద వెంట్రుకంత పాచి పోగు. ఇప్పుడు పైపు మూతికి మా పాప పాత సాక్సు కట్టా. ఆర్నెల్లుగా విప్పే పని పడలేదు.